కోళ్ల దొడ్డి నేల సంరక్షణ: సిల్తారా ప్రాంతం

కోళ్లు పగలంతా తిరిగే కంచె లోపలి నేలను పొడిగా ఉంచడం, కంపు కొట్టకుండా చూడటం, అందులో పురుగులూ రోగక్రిములూ పేరుకోనివ్వకపోవడం దొడ్డి నేల సంరక్షణలోకి వస్తాయి. రాత్రి పడుకునే గూడును రోజూ ఊడ్చేవాళ్లు చాలామందే ఉంటారు. పగటి నేలను మాత్రం అది మట్టే కదా అని వదిలేస్తారు. ఏలికపాములు, బద్దెపురుగులు, పిల్లల్ని గుంపులుగా చంపే రక్త విరేచనాలు కోడికి పట్టుకునేది ఎక్కువగా ఆ మట్టి నుంచే. ఛత్తీస్‌గఢ్‌లోని సిల్తారా లాంటి చోట ఈ పనికి ఇంకో బరువు తోడవుతుంది. అక్కడ నేలను పాడుచేసేది కోళ్లు మాత్రమే కాదు.

సిల్తారా రాయ్‌పూర్‌కు ఉత్తరాన, బిలాస్‌పూర్ వెళ్లే జాతీయ రహదారి మీద, ధర్సీవా బ్లాకులో ఉంది. నగరం నుంచి 15 కిలోమీటర్ల దూరం. ఒకప్పుడు వరిపొలాల ఊరు, ఇప్పుడు స్పాంజ్ ఐరన్ బట్టీలు, ఉక్కు మిల్లులు, విద్యుత్ ప్లాంట్లు కిక్కిరిసిన పారిశ్రామిక ప్రాంతం. పక్కనే ఉర్లా, అదీ కర్మాగారాల పేటే. రాయ్‌పూర్, భిలాయిలకు రైల్వే పనుల కోసం, ఉక్కు పనుల కోసం వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి వెనక పెరడును స్థానికులు బారీ అంటారు, కోడిని కుక్రీ అంటారు. కూరపాదుల మధ్య నాలుగు కోళ్లు తిరగడం అక్కడా మన పల్లెల్లో లాగే మామూలు విషయం.

కోళ్ల జాతుల్లో కూడా ఛత్తీస్‌గఢ్‌కూ తెలుగు నేలకూ చుట్టరికం ఉంది. అసీల్ జాతి సొంత గడ్డగా జాతీయ జాబితాలో నమోదైనవి మూడు రాష్ట్రాలు: ఛత్తీస్‌గఢ్, ఒడిశా, ఆంధ్రప్రదేశ్. పెంపుడు కోళ్లన్నిటికీ మూలమైన ఎర్ర అడవికోడి బస్తర్ సాల అడవుల్లో ఇప్పటికీ ఉంది. దానికీ దక్షిణాది బూడిదరంగు అడవికోడికీ మధ్య సరిహద్దు దాదాపుగా గోదావరి నది. అడవికోడి బతికేది రాలిన ఆకుల పరుపు మీద. ఆకులు గీరి, కింద ఉన్న చెదలూ గింజలూ ఏరుకుని తింటూ రోజంతా సాగిపోతుంది, రెట్ట వేసిన చోటే మర్నాడు నిలబడదు. కంచె కట్టి అదే పక్షిని ఒకే చోట ఉంచితే మొదట పోయేది ఆ ఆకుల పరుపు. ఆ వెంటనే గరిక పోతుంది. ఆ తర్వాత మిగిలేది ఎండలో రాయిలా, వానలో అడుసులా ఉండే బోసి నేల. దొడ్డి నేల సంరక్షణ అంతా పోయిన ఆ పరుపును తిరిగి వేయడమేనని చెప్పవచ్చు.

భారం ఎంతో ముందు తెలుసుకోవాలి. గుడ్లు పెట్టే కోడి రోజుకు సుమారు 100 గ్రాములకు పైగా రెట్ట వేస్తుంది, అందులో ముప్పాతిక వంతు నీరే. పది కోళ్లున్న ఇంట్లో ఏడాదికి 350 కిలోలు దాటుతుంది. దీనిలో సగానికి దగ్గరగా రాత్రిపూట, దండె మీద కూర్చున్నప్పుడు పడుతుంది. దండె కింద ఒక రేకో పలకో పెట్టి పొద్దున్నే ఎత్తి పారబోస్తే నేల మీద పడే బరువు ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఇంత తేలికైన పని ఇంకోటి లేదు, అయినా దీన్ని చేసేవాళ్లు తక్కువ.

పక్షులకు మూత్రం విడిగా రాదు. రెట్ట మీద కనిపించే తెల్లటి ముద్దే యూరిక్ ఆమ్లం. తడి తగిలితే బాక్టీరియా దాన్ని విరగ్గొట్టి అమ్మోనియాగా మారుస్తుంది. గాలిలో పది లక్షల భాగాలకు 25 భాగాలు మించితే కోళ్ల కళ్లు మండుతాయి, ఊపిరి గొట్టాల పొర దెబ్బతింటుంది, గుడ్లు తగ్గుతాయి. మనిషి నిలువెత్తున నిలబడి పీల్చే గాలికీ, కోడి నేలకు జానెడు ఎత్తున పీల్చే గాలికీ తేడా ఉంది. దొడ్డిలో మోకాళ్ల మీద కూర్చుని వాసన చూడాలని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే.

తడి తెచ్చే అసలు ముప్పు కాక్సిడియోసిస్. ఐమీరియా అనే ఏకకణ జీవి కోడి పేగుల్లో పెరిగి, గట్టి పెంకున్న గుడ్ల రూపంలో రెట్టతో బయటికి వస్తుంది. పడగానే అవి హాని చేయవు. తేమ, గాలి, 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వమై, తిన్న పిల్లకు జబ్బు తెస్తాయి. రాయ్‌పూర్ మైదానంలో జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా వాతావరణం సరిగ్గా ఇదే. మామూలు ఫినాయిల్, బ్లీచింగ్ ఆ పెంకును ఏమీ చేయలేవు. తడి నేలలో అవి నెలల తరబడి బతుకుతాయి, ఎండకూ పొడికీ మాత్రం తాళలేవు. ఏలికపాము గుడ్లు ఇంకా మొండివి. వానపాములు వాటిని మింగి మోసుకొస్తాయి, ఆ వానపామును కోడి తింటుంది. బద్దెపురుగులకు చీమలు, ఈగలు, పెంట పురుగులు వాహకాలు.

కొక్కెర తెగులును మాత్రం నేల శుభ్రతతో ఆపలేము. మన దేశంలో 1927లో కుమావు కొండల్లోని రాణీఖేత్‌లో గుర్తించడం వల్ల ఆ పేరు వచ్చిన ఈ వైరస్ జబ్బుకు టీకా ఒక్కటే దారి. నేల బాగుంది కదా అని టీకా మానేయడం ప్రమాదం.

నాలుగు రకాల నేలలు

ఛత్తీస్‌గఢ్ రైతులు తమ నేలల్ని నాలుగు పేర్లతో పిలుస్తారు. వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా అవే పేర్లు వాడతారు. మెరక మీద ఉండే ఎర్రటి గులక నేల భాటా, దాని కింద పసుపు రంగు తేలిక నేల మటాసీ, ఆ కింద మధ్యరకం డోర్సా, పల్లంలో నల్లరేగడి లాంటి కన్హార్. వరి రైతుకు కన్హార్ బంగారం, భాటా పనికిరానిది. కోళ్ల దొడ్డికి లెక్క తిరగబడుతుంది. భాటాలో నీరు నిలవదు, వాన వెలిసిన కొద్దిసేపటికే కోళ్లు తిరగవచ్చు. కన్హార్ మీద దొడ్డి కడితే వానాకాలమంతా కాళ్లకు బంక అంటుకుంటుంది, వేసవిలో పడిన పగుళ్లలో రెట్ట జారిపోయి వానకు మళ్లీ పైకి తేలుతుంది. స్థలం ఎంచుకునే అవకాశం ఉన్నవాళ్లు పెరట్లోని పల్లాన్ని కూరపాదులకు వదిలి మెరకను కోళ్లకు ఇవ్వాలి. అవకాశం లేకపోతే భాటా నేలల నుంచి తవ్వి తెచ్చే మొరం జానెడు మందాన పోసి, మధ్య ఎత్తుగా, అంచులకు వాలుగా తొక్కించాలి. చుట్టూ మూరెడు వెడల్పు కాలువ తీసి, కప్పు నుంచి కారే నీరు దొడ్డిలో పడకుండా మళ్లించాలి. రాయ్‌పూర్‌లో ఏడాది వాన సుమారు 1,200 మిల్లీమీటర్లు, అందులో చాలా భాగం నాలుగు నెలల్లోనే కురుస్తుంది. పది అడుగుల చదరపు రేకుల కప్పు మీద అంత వాన పడితే పదకొండు వేల లీటర్లు దాటుతుంది. ఆ నీరంతా ఎటు పోతుందన్న ప్రశ్నకు జవాబు లేకుండా వేసిన దొడ్డి మొదటి వానకాలంలోనే చెడిపోతుంది.

ఊక పరుపు

నేల మీద వేసే పరుపును కోళ్లఫారాల్లో లిట్టర్ అంటారు. దాన్ని ఎప్పటికప్పుడు ఎత్తేయకుండా, పైపైన కొత్తది చల్లుతూ నెలల తరబడి పెంచే పద్ధతి డీప్ లిట్టర్. అమెరికాలోని ఒహైయో వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో కెన్నార్డ్, చాంబర్లిన్ అనే పరిశోధకులు 1940ల్లో దీన్ని శాస్త్రీయంగా పరీక్షించారు. వారానికోసారి కడిగి కొత్త పరుపు వేసే శుభ్రతే మంచిదని అప్పటిదాకా అందరూ నమ్మేవారు. పాత పరుపు మీద పెరిగిన కోళ్లు తక్కువ మేతతోనే బాగుంటున్నాయని వీళ్లు చూపించారు. పరుపులోని సూక్ష్మజీవులు తయారుచేసే పోషకాలు కోళ్లకు అందుతున్నాయి. వాటిలో ముఖ్యమైన బి12 విటమిన్‌ను శాస్త్రవేత్తలు విడిగా తీయగలిగింది 1948లో. ఒహైయో కోళ్లు అప్పటికే దాన్ని కాళ్లతో గీరి తింటున్నాయి.

సిల్తారా చుట్టూ పరుపు సరుకుకు కరువు లేదు. ఛత్తీస్‌గఢ్ వరి రాష్ట్రం, రాయ్‌పూర్ చుట్టూ రైసు మిల్లులు బారులు తీరి ఉంటాయి, ఊక అక్కడే పుడుతుంది. అదే ఊకను మిల్లుల బాయిలర్లూ, ఊకతో నడిచే విద్యుత్ ప్లాంట్లూ కూడా కాలుస్తాయి కనుక పంట చేతికొచ్చిన రోజుల్లోనే నాలుగు బస్తాలు తెచ్చి దాచుకోవడం తెలివైన పని. ఊక తేలిగ్గా ఉంటుంది, కుళ్లదు, గాలి ఆడనిస్తుంది. దాని లోపం నీటిని ఎక్కువగా పీల్చకపోవడం. రంపపు పొట్టు, ముక్కలు చేసిన వరిగడ్డి, వేరుశనగ పొట్టు కలిపితే ఆ లోపం తీరుతుంది. ప్లైవుడ్ కోసిన పొట్టు వాడకూడదు, అందులో జిగురు రసాయనాలుంటాయి. బూజు పట్టిన గడ్డి అసలే వద్దు. ఆ బూజు పిల్లల ఊపిరితిత్తుల్లో పెరిగి చంపేస్తుంది.

మొదలు పెట్టే కాలం కీలకం. నాలుగు అంగుళాల మందంతో మొదలుపెట్టి మెల్లగా ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాలకు పెంచుతారు. పరుపులో సూక్ష్మజీవుల పని కుదురుకోవడానికి కనీసం రెండు నెలల పొడి వాతావరణం కావాలి. రాయ్‌పూర్‌లో అంటే ఏప్రిల్ మొదట్లో వేయాలి. జూన్‌లో వాన మొదలయ్యాక వేసిన పరుపు కుదురుకోదు, కుళ్లుతుంది. తర్వాత వారానికి ఒకటి రెండు సార్లు దంతెతోనో పారతోనో తిరగేయాలి. పైన గుప్పెడు నూకలు చల్లితే కోళ్లే ఆ పని చాలావరకు చేసిపెడతాయి. తేమ 20 నుంచి 25 శాతం మధ్య ఉండటం మంచిది. కొలవడానికి పరికరం అక్కర్లేదు. గుప్పెడు తీసి గట్టిగా పిసికి వదిలితే, కాస్త ముద్దకట్టి వెంటనే విడిపోతే సరిగ్గా ఉన్నట్టు. ముద్ద ముద్దగానే ఉంటే తడి ఎక్కువైంది, ఆ భాగాన్ని తీసేసి పొడి ఊక కలపాలి. అసలు ముద్దకట్టకుండా దుమ్ము రేగితే మరీ ఎండిపోయింది, ఆ దుమ్ము ఊపిరికి చేటు. నీళ్ల గిన్నె చుట్టూ ఎప్పుడూ తడిగా ఉంటుంది కాబట్టి దాన్ని ఇటుకల మీద ఎత్తుగా పెట్టి, కింద గులకరాళ్లు పోయాలి.

సున్నం గురించి చాలామందిలో పొరపాటు అభిప్రాయం ఉంది. కంపు రాగానే సున్నం చల్లుతారు. తడి రెట్ట మీద సున్నం పడితే క్షారగుణం పెరిగి అమ్మోనియా ఇంకా ఎక్కువగా బయటికి వస్తుంది. సున్నం వాడాల్సింది కోళ్లను తీసేసి, నేలను చెక్కి, ఖాళీగా ఉంచినప్పుడు. కోళ్లున్నప్పుడు కంపుకు మందు పొడి ఊక, గాలి. పొడి సున్నం కాక కాల్చిన రాతిసున్నం నేరుగా చల్లితే కోళ్ల పాదాలు కాలిపోతాయి.

ఇదంతా కప్పు కిందికి సరిపోయే మాట. కప్పు లేని దొడ్డిలో ఊక ఒక్కటే వేస్తే మొదటి జడివానకే తేలి కాలువలోకి పోతుంది. అక్కడ అడుగున ముతక సరుకు కావాలి: నరికిన కొమ్మల ముక్కలు, గట్ల మీది కందికట్టె, గింజ తీసిన మొక్కజొన్న కండెలు. వాటి సందుల్లోంచి నీరు కిందికి దిగుతుంది, కోళ్ల కాళ్లు మాత్రం పొడిగా ఉంటాయి. దాని మీద రాలిన ఆకులు ఎన్ని వేస్తే అంత మంచిది. వీలైతే దొడ్డిలో సగానికైనా రేకు వేయడం ఉత్తమం.

నేలకు విరామం

జాగా ఉన్నవాళ్లకు ఇంకో దారి ఉంది. దొడ్డిని రెండుగా విడదీసి, ఒకదానిలో కోళ్లను తిప్పుతూ రెండోదాన్ని బీడు పెట్టడం. కోడికి పది చదరపు అడుగులు చాలని అంటుంటారు. పరుపు వేసిన దొడ్డికి అది చాలు. నేల మీద పచ్చిక నిలవాలంటే ఎంత జాగా కావాలో ఐరోపా నిబంధన చూస్తే తెలుస్తుంది. అక్కడ ఆరుబయట తిరిగే కోళ్ల గుడ్లు అని ముద్ర వేయాలంటే కోడికి 4 చదరపు మీటర్లు, అంటే 43 చదరపు అడుగులు ఉండాలి. అంత జాగా లేని పెరట్లో గడ్డి మీద ఆశ వదులుకుని పరుపు మీద దృష్టి పెట్టడమే మేలు.

బీడు పెట్టడానికి రాయ్‌పూర్ వేసవి మంచి కాలం. మే నెలలో పాదరసం 45 డిగ్రీల దాకా పోతుంది. మన రైతులు వేసవి దుక్కులు దున్ని పురుగుల కోశాల్ని ఎండకు పెట్టినట్టే, ఖాళీ దొడ్డిని జానెడు లోతు తవ్వి తిరగేసి వదిలితే పైకి వచ్చిన ఐమీరియా గుడ్లు ఎండిపోతాయి. తొలకరికి అందులోనే తోటకూరో మొక్కజొన్నో చల్లితే నేలలో పేరుకున్న నత్రజనిని మొక్కలు లాగేస్తాయి. లేకపోతే అది నైట్రేటుగా మారి బావుల్లోకీ బోర్లలోకీ దిగుతుంది. ధర్సీవా వైపు నేల మీది నీరు ఖారూన్ నదికి, అక్కడి నుంచి శివనాథ్‌కు, చివరికి మహానదికి చేరుతుంది.

జబ్బుపడి కోళ్లు చనిపోయిన దొడ్డిలో పరుపు మొత్తం తీసేసి, పైమట్టి రెండు మూడు అంగుళాలు చెక్కి దూరంగా పూడ్చాలి. మట్టికి మందు కొట్టి శుద్ధి చేయడం జరిగే పని కాదు, మట్టి ఆ మందును ముందే మింగేస్తుంది.

బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు లెక్క వేరు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో, తణుకు మండలం వేల్పూరులోనూ పెరవలి మండలం కానూరు అగ్రహారంలోనూ ఆ వైరస్ నిర్ధారణ అయినప్పుడు కోళ్లను పూడ్చడం నుంచి రాకపోకల మీద ఆంక్షల దాకా అంతా ప్రభుత్వ బృందాల చేతిలో జరిగింది. అసాధారణంగా కోళ్లు చనిపోతే పశువైద్యుడికి చెప్పాలి, సొంతంగా తవ్వకాలు పెట్టుకోకూడదు. ఇంటి యజమాని చేయగలిగింది ముందు జాగ్రత్త: దొడ్డిలో నీటి మడుగులు లేకుండా చూడటం, మేత కప్పు కింద పెట్టడం. కొంగలూ బాతులూ దిగేది నీటి కోసం, కాకులూ పిచ్చుకలూ వచ్చేది మేత కోసం.

తీసిన పరుపు వృథా కాదు. 35 నుంచి 40 గుడ్ల కోళ్లు ఏడాదిలో ఒక టన్ను డీప్ లిట్టర్ ఇస్తాయి, అందులో సుమారు 3 శాతం నత్రజని ఉంటుంది. దాన్ని పచ్చిగా వేస్తే మొక్కలు మాడిపోతాయి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో పెంటగుంటను ఘుర్వా అంటారు. వాగు, పశువు, పెంటగుంట, పెరడు అనే నాలుగింటిని కలిపి ఆ రాష్ట్ర ప్రభుత్వం నడిపిన నర్వా, గర్వా, ఘుర్వా, బారీ పథకంతో ఆ మాట దేశానికి తెలిసింది. గుంటలో కుప్ప వేసి, తడిపి, తిరగేస్తే లోపల వేడి 55 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి పురుగుల గుడ్లు, ఐమీరియా చస్తాయి. కుప్ప అంచులు చల్లగా ఉంటాయి కాబట్టి తిరగేయడం మానకూడదు.

పొగగొట్టాల నీడలో

ఇనుప ఖనిజం, బొగ్గు, డోలమైటు కలిపి తిరిగే బట్టీలో కాల్చి స్పాంజ్ ఐరన్ చేస్తారు. సిల్తారా, ఉర్లా ఊళ్లలో ఇళ్ల కప్పుల మీద, చెట్ల ఆకుల మీద నల్లటి ధూళి పేరుకోవడం అక్కడివాళ్లకు రోజూ కనిపించే సంగతి. ఆ ధూళి దొడ్డిలోనూ పడుతుంది. బొగ్గు బూడిదలో సీసం, ఆర్సెనిక్, క్రోమియం లాంటివి కొద్ది కొద్దిగా ఉంటాయి. కోడి ముక్కుతో మట్టిని పొడుస్తుంది, గింజతో పాటు కొన్ని గ్రాముల మట్టి రోజూ దాని కడుపులోకి పోతుంది. మట్టిలోని సీసం అలా గుడ్డులోకి చేరుతుంది. ఆస్ట్రేలియాలో సిడ్నీ పెరటి కోళ్ల మీద 2022లో వెలువడిన పరిశోధనలో, ఇంటి గుడ్లలో సీసం దుకాణం గుడ్ల కంటే సగటున 40 రెట్లు ఎక్కువగా తేలింది. అక్కడ నివాస స్థలాల మట్టిలో కిలోకు 300 మిల్లీగ్రాముల దాకా సీసాన్ని అనుమతిస్తారు. గుడ్లు సురక్షితంగా ఉండాలంటే ఆ అంకె 117 దాటకూడదని ఆ పరిశోధకులు లెక్కకట్టారు. అంటే మనుషులు నివసించడానికి యోగ్యమన్న నేల కోళ్లకు యోగ్యం కాకపోవచ్చు.

అందుకే ఇలాంటి చోట పరుపు పని రెట్టింపు విలువైనది. అది రెట్టను పీల్చుకోవడమే కాక, కోడి ముక్కుకూ పాత మట్టికీ మధ్య అడ్డుగా నిలుస్తుంది. కప్పు ఉంటే పైనుంచి పడే ధూళి ఆగుతుంది. మేతను నేల మీద చల్లకుండా తొట్టిలో పెట్టాలి. ధూళి పడే చోట నూకలు చల్లి గీరించే పద్ధతి కప్పు కింది పరుపుకే పరిమితం కావాలి. గుల్లపొడి విడిగా అందిస్తే కాల్షియం లోటు ఉండదు, లోటు లేని కోడి ఒంట్లోకి సీసం తక్కువగా ఎక్కుతుంది. దుమ్ము స్నానానికి కప్పు కింద ఒక పెట్టెలో శుభ్రమైన ఇసుక, కట్టెల పొయ్యి బూడిద కలిపి పెట్టాలి. పేలు పోవడానికి అది మంచిది. కర్మాగారం నుంచి ఊరికే దొరికే బూడిద, బట్టీల బొగ్గు చార, ఉక్కు చిట్టెం మాత్రం దొడ్డిలోకి రానివ్వకూడదు. బురద గుంటలు పూడ్చడానికి అవి సులువుగా కనిపిస్తాయి. బురదకైతే ఒక్క వానకాలంతో పోయే అవకాశం ఉంది. లోహాలు ఒకసారి మట్టిలో చేరితే ఎండకూ చావవు, కుప్పలోనూ కుళ్లవు.

2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు ఉంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఇనుము వగైరా. సీసం ఆ జాబితాలో లేదు. కార్డు బాగుందంటే పంటకు బాగుందని అర్థం, కోడిగుడ్డుకు బాగుందని కాదు. సిల్తారా, ఉర్లా, మాంఢర్ చుట్టుపక్కల కోళ్లు పెంచుకునే కుటుంబాలు, అలాగే విశాఖలోనో రామగుండంలోనో పరిశ్రమల పక్కన పెరట్లో కోళ్లున్నవాళ్లు, కోళ్లు ఎక్కువగా గీరే నాలుగైదు చోట్ల నుంచి పై రెండు అంగుళాల మట్టి తీసి కలిపి, భార లోహాల పరీక్ష చేసే ప్రయోగశాలలో సీసం సంగతి ప్రత్యేకంగా అడిగి చూపించుకోవాలి. సీసం వల్ల ఎక్కువ నష్టపోయేది ఎదిగే మెదడున్న చిన్నపిల్లలు. కాబట్టి ఇంటి గుడ్డు రోజూ తినే పిల్లలున్న వాళ్లు ఈ పరీక్షను వాయిదా వేయకుండా ముందుగా చేయించాలి.